వెళ్లనంటున్న ఆ మనసుతోనే మొదలుపెట్టండి

ప్రశ్న: నా వయసు 36. ఆఫీసులో నన్ను నిదానస్తురాలినని అందరూ మెచ్చుకుంటారు. ఇంట్లో మాత్రం చిన్న విషయానికే అరుస్తాను. మొన్న మా ఎనిమిదేళ్ల పాప నీళ్ల సీసా మూత పోగొట్టుకొని వచ్చింది. నేను నోరు తెరవకముందే రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని "సారీ అమ్మా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పంపేసిన ఫైలునే రాత్రిపూట మళ్లీ మళ్లీ తెరిచి తప్పులు వెతుకుతాను. ఆ తర్వాత రెండింటి దాకా ఫోను చూస్తూ కూర్చుంటాను. "నిన్ను నమ్ముకుంటే ఇంతే" అని లోపల ఒక గొంతు ఎప్పుడూ అంటూనే ఉంటుంది. రెండు నెలల క్రితం ఒక థెరపిస్టు దగ్గరికి వారానికోసారి వెళ్లడం మొదలుపెట్టాను. మూడు సెషన్లు బాగానే జరిగాయి. నాలుగోసారి ఆమె నా ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసి, ఆ గొంతును అందులో కూర్చోబెట్టుకొని మాట్లాడమన్నారు. నాకు నోరు పెగల్లేదు. కుర్చీ చేతి మీద ఊడిన దారం పోగును చూస్తూ ఉండిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటినుంచి ఐదు వారాలుగా వెళ్లలేదు. ఇంతకీ నాలో ఎంతమంది ఉన్నారు? ఇది స్ప్లిట్ పర్సనాలిటీయా? వీళ్లలో అసలు నేను ఎవరు? ఆ గొంతును వదిలించుకుంటే పనిలో నాకున్న పట్టు కూడా పోతుందా? (చిన్నప్పుడు తమ్ముణ్ని నాకు అప్పగించి పెద్దవాళ్లు బయటికి వెళ్తే వాడు మెట్ల మీద నుంచి పడ్డాడు, గడ్డం చిట్లింది. దీనికీ దానికీ సంబంధం లేదేమో. ఎందుకో రాయాలనిపించింది.)
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నిటికంటే ముందు మిమ్మల్ని భయపెడుతున్న ప్రశ్న సంగతి చూద్దాం.

ఉత్తరం చదివి ఎవరికైనా ఫలానా జబ్బు ఉందనో లేదనో తేల్చకూడదు. అయినా ఐదు వారాలుగా మీరు మోస్తున్న భయం ఇది. కాబట్టి నాకు తోచింది సూటిగా చెబుతాను. మీరు రాసినదాంట్లో ఆ జబ్బు లక్షణం ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. జనం స్ప్లిట్ పర్సనాలిటీ అనేదాన్ని వైద్యులు ఒకప్పుడు మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్ అనేవారు. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దాని పేరును డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌గా మార్చింది. ఆ స్థితిలో ఉన్నవారికి జ్ఞాపకంలో ఖాళీలు పడతాయి. మధ్యాహ్నమంతా ఏం చేశారో గుర్తుండదు. తాము కొన్నట్టు తెలియని వస్తువు సంచిలో కనిపిస్తుంది. ఎప్పుడూ చూడలేదనుకున్న మనిషి పేరుపెట్టి పలకరిస్తాడు. మీకేమో పాప చేతులు వెనక్కి పెట్టుకున్న తీరు గుర్తుంది, కుర్చీ చేతి మీది దారం పోగు గుర్తుంది. అరిచిందీ, ఫైలు తెరిచిందీ, రెండింటి దాకా ఫోను పట్టుకున్నదీ మీరేనని మీకు తెలుసు. మనిషి ఒకరే, జ్ఞాపకం ఒకటే. లోపలివాళ్లకు మాత్రం ఒకరితో ఒకరికి పొసగడం లేదు. అది ప్రతి మనిషిలోనూ ఉండేదే.

మన భాష ఈ సంగతిని ఎప్పుడో ఒప్పుకుంది. ఒక మనసు వెళ్లమంటోంది, ఇంకో మనసు వద్దంటోంది అంటాం. మనసు పరిపరి విధాల పోతోందంటాం. అడుగుదామనుకున్నాను కానీ నోరు రాలేదు, కొడదామనుకున్నాను కానీ చెయ్యి రాలేదు, బయల్దేరాను కానీ కాళ్లు ముందుకు పడలేదు అంటాం. నోటికీ చేతికీ కాళ్లకూ వేరువేరు ఇష్టాలున్నట్టు రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఎవరం ఎవరినీ పిచ్చివాళ్లనుకోవడం లేదు. "నోరు పెగల్లేదు" అని మీరు కూడా రాశారు. ఆ మాటను నేను అక్షరాలా తీసుకుంటున్నాను. మీరు మాట్లాడదామనే ఆ గదిలో కూర్చున్నారు. మీ నోరు మూసినవారు ఇంకొకరు.

ఈ జవాబులో నేను ముఖ్యంగా మాట్లాడాలనుకుంటున్నది ఆ ఇంకొకరి గురించే. అంతకుముందు ఆ కుర్చీ సంగతి రెండు మాటల్లో చెబుతాను. మీ థెరపిస్టు మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని దాన్ని వేయలేదు. నాటకాన్నే చికిత్సగా మలిచిన జేకబ్ మొరేనో పద్ధతుల నుంచి అది వచ్చింది. 1960లలో గెస్టాల్ట్ థెరపీ (ఈ క్షణంలో కలిగే అనుభవం మీద దృష్టి పెట్టే చికిత్స) చేసిన ఫ్రిట్జ్ పెర్ల్స్ దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఆ తర్వాత కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లెస్లీ గ్రీన్‌బర్గ్ ఈ కుర్చీల సంభాషణలను ఒక్కో మాటా పట్టి పరిశీలించారు. తనను తాను తిట్టుకునే మనిషి ఒక కుర్చీలో తిట్టే గొంతుగా, ఇంకో కుర్చీలో తిట్లు పడేవారిగా మారిమారి కూర్చొని మాట్లాడినప్పుడు ఫలితం ఎక్కడ వస్తోందని చూశారు. తిట్లు పడేవారు గట్టిగా ఎదురు తిరిగి గెలిచినప్పుడు వస్తుందని మనం అనుకుంటాం. ఆయన గమనించిన మలుపు వేరే చోట ఉంది. తిట్టే గొంతు మెత్తబడాలి. "నాకు భయంగా ఉంది, అందుకే ఇలా అంటున్నాను" అనే దగ్గరికి అది రావాలి. అలా మెత్తబడిన చోట గొడవ తీరుతోందని ఆయన పరిశోధనలు చూపించాయి.

అంటే ఆ కుర్చీలో కూర్చోవాల్సింది శత్రువు కాదు. ఈ సంగతి మీకు ముందే చెప్పి ఉంటే బాగుండేది. నాలుగో సెషన్‌కే, తగినంత వివరించకుండా ఆ కుర్చీ మీ ముందుకు వచ్చిందని నాకనిపిస్తోంది. అది పెద్ద నేరమేమీ కాదు, తొందర. ఆమెతో మీరు నేరుగా అనదగిన మాటే.

ఇప్పుడు మీ నోరు మూసినవారి దగ్గరికి వద్దాం.

థెరపీలో చాలామంది ఇక్కడే పొరబడతారు. కోపంతో మాట్లాడాలి, విమర్శించే గొంతుతో మాట్లాడాలి, చిన్నప్పటి బాధతో మాట్లాడాలి అనుకుంటారు. వాటి ముందు అడ్డంగా నిలబడి "ఇక్కడ ఏమీ లేదు, వెళ్లండి" అంటున్న మనిషిని మాత్రం లెక్కలోకి తీసుకోరు. దాన్ని బద్ధకమనో, మొండితనమనో, చేతకానితనమనో తోసేస్తారు. మిమ్మల్ని దారం పోగు వైపు చూడమన్నదీ, ఐదు వారాలుగా వారం వారం ఏదో ఒక సాకు అందిస్తున్నదీ అదే. దాన్ని కాపలాదారు అనుకోండి. తలుపు దగ్గర ఎవరైనా అంత గట్టిగా కాపలా కాస్తున్నారంటే లోపల కాపాడుకోవాల్సింది ఏదో ఉందన్నమాట. అందుకే ఆ సెషన్ విఫలమైందని నేను అనుకోను. ఆ రోజు మీ లోపలివాళ్లలో ఒకరు మొదటిసారి గదిలోకి వచ్చారు. కుర్చీలో ఉన్నవారి మీదే అందరి చూపూ ఉండడంతో ఆ వచ్చినవారిని ఎవరూ పలకరించలేదు.

1980లలో అమెరికాలో కుటుంబ చికిత్స చేస్తున్న రిచర్డ్ స్వార్ట్జ్ ఇదే పాఠం కష్టంగా నేర్చుకున్నారు. తనను తాను గాయపరచుకునే ఒక యువతికి చికిత్స చేస్తూ, ఆమెలో అలా చేయిస్తున్న భాగం చేత ఇక చేయనని మాట తీసుకోవాలని పట్టుబట్టారు. అది ఒప్పుకునేదాకా వదల్లేదు. తర్వాతి సెషన్‌కు ఆమె ఇంకా పెద్ద గాయంతో వచ్చింది. అది చూసి ఆయన కుంగిపోయి, నిన్ను గెలవడం నా వల్ల కాదన్నారు. నిన్ను ఓడించాలని నాకేమీ లేదని ఆ భాగం నుంచి జవాబు వచ్చింది. మరి ఎందుకు చేస్తున్నావని ఆయన అప్పుడు నిజంగా తెలుసుకోవాలని అడిగారు. ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్ అనే పద్ధతి ఇలాంటి అనుభవాల్లోంచే పుట్టింది. కుటుంబంలో ఒక్కొక్కరు ఒక్కో బరువు ఎత్తుకున్నట్టే మనిషి లోపల కూడా భాగాలు బరువులు పంచుకుంటాయన్నది అందులోని మూలభావన.

ఆయన లెక్కలో ఆ భాగాలు స్థూలంగా మూడు రకాలు. కొన్ని ముందుజాగ్రత్తపరులు. తప్పు జరగకముందే ఆపాలని చూస్తాయి. రాత్రి ఫైలు తెరిపించేది, "నిన్ను నమ్ముకుంటే ఇంతే" అనేది ఈ తెగ. కొన్ని మంటలార్పేవాళ్లు. నొప్పి పైకి తన్నుకొచ్చాక, ఏం నష్టపోయినా సరే ముందు దాన్ని ఆర్పాలి అనుకుంటాయి. రెండింటి దాకా మీ చేతిలో ఫోను పెట్టేది అలాంటిదే. అరుపు కూడా చాలాసార్లు ఆ పనే చేస్తుంది. తప్పు చేశానన్న మంట లోపల లేచేలోపు దాన్ని బయటికి, ఎదుటివారి మీదికి తోసేస్తుంది. ఇక మూడో రకం, ఈ రెండు కాపలాల వెనక దాచిపెట్టిన చిన్నవాళ్లు. అవమానం, భయం, ఒంటరితనం ఏ వయసులో తగిలాయో ఆ వయసులోనే ఆగిపోయినవాళ్లు.

ఇది ఒక నమూనా మాత్రమేనని గుర్తుంచుకోండి. మెదడును కోసి చూస్తే ఈ భాగాలు కనబడవు. మానసిక విశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1923లో మనసును ఇడ్ (కోరికలు), ఈగో (సర్దుబాటు చేసే నేను), సూపర్ఈగో (మంచిచెడులు చెప్పే గొంతు) అని మూడుగా చూశారు. 1950లలో ఎరిక్ బెర్న్ అనే మానసిక వైద్యుడు ప్రతి మనిషిలో తల్లిదండ్రి, పెద్ద, పిల్ల అనే మూడు స్థితులుంటాయన్నారు. ఎవరి పటం వారిది. మీ ఇంటి దారి ఏ పటంలో బాగా కనిపిస్తే ఆ పటం వాడుకోండి. పరిశోధన మాటకొస్తే, స్వార్ట్జ్ పద్ధతి మీద జరిగినది ఇంకా తక్కువే. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బు ఉన్న 79 మందిని రెండు జట్లు చేశారు. ఈ చికిత్స తీసుకున్న జట్టుకు నొప్పి, దిగులు కొంత తగ్గాయి. ఇలాంటివి ఇంకా చాలా రావాలి. ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి ఉన్నంత ఆధారాల బలం దీనికి లేదు. మీ థెరపిస్టు రెండూ కలిపి వాడితే మంచిదే.

మిమ్మల్ని తిట్టే గొంతు సంగతికి వస్తాను. దీని గురించి పుస్తకాల మాట కంటే నేను చూసింది చెబుతాను. ఈ వృత్తిలోకి రావడానికి శిక్షణ తీసుకునేటప్పుడు నేనూ థెరపీకి వెళ్లాను, నేనూ ఆ కుర్చీ ముందు కూర్చున్నాను. నన్ను తిట్టే గొంతుగా మారి మాట్లాడమన్నప్పుడు మాటలు ధారాళంగానే వచ్చాయి. బద్ధకమనీ, అందరినీ మోసం చేస్తున్నావనీ ఎదుటి కుర్చీని ఎడాపెడా తిడుతున్నాను. నా చూపుడు వేలు మోకాలి మీద టకటకా కొట్టుకుంటోంది. నాకు తెలియదు. థెరపిస్టు చూశారు. "ఆ వేలు ఏమంటోంది?" అని అడిగారు. వేలు ఆగింది. చాలాసేపటి తర్వాత నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "టైం లేదు. ఎవరైనా చూసేలోపు సరిచేయాలి." అప్పుడు ఆవిడ అడిగిన రెండో ప్రశ్నను ఇన్నేళ్లుగా నేను ఎంతోమందిని అడిగాను. "నువ్వు ఈ పని మానేస్తే ఏమవుతుందని నీ భయం?" జవాబు వెంటనే వచ్చింది. "ఈమె అందరి ముందూ నవ్వులపాలవుతుంది. అప్పుడు ఈమెను ఎవరూ దగ్గరికి రానివ్వరు." అంతసేపూ నన్ను కొరడా పట్టుకొని తరిమిన గొంతు ఆ మాట అనేటప్పుడు వణికింది. నన్ను ద్వేషిస్తోందనుకున్నది నా కోసం భయపడుతోందని నాకు అప్పటిదాకా తెలియదు.

దాన్ని వదిలించుకుంటే పనిలో పట్టు పోతుందా అని అడిగారు. వదిలించుకోవడం కుదరదు, కుదిరినా అక్కర్లేదు. మీ పనితనం ఏళ్ల తరబడి మీరు నేర్చుకున్నది. అది ఆ గొంతు సొత్తు కాదు, గొంతు దాని పక్కన నిలబడి ఘనత తన ఖాతాలో వేసుకుంటోంది. కావాలంటే ఒక లెక్క చూడండి. ఈ నెలలో రాత్రి మూడోసారి, నాలుగోసారి ఫైలు తెరిచినప్పుడు నిజమైన తప్పులు ఎన్ని దొరికాయి? ఒకటీ అరా దొరికితే, అవి మొదటిసారి ప్రశాంతంగా చూసినప్పుడు దొరికేవి కావా? భాగాలు మాయమవవు, ఉద్యోగం మారతాయి. భయంతో కాపలా కాసిన గొంతు, భయం తగ్గాక, పని పంపేముందు ఒక్కసారి సరిచూసే శ్రద్ధగా మిగులుతుంది. ఆ శ్రద్ధ మీకు ఎప్పటికీ కావాలి.

దానితో మాట్లాడే ముందు ఒక పరీక్ష ఉంది. నేను దీన్ని చాలా విలువైనదిగా భావిస్తాను. ఆ గొంతును తలుచుకొని, "దీని మీద నాకు ఇప్పుడు ఏమనిపిస్తోంది?" అని మిమ్మల్ని మీరు అడగండి. అసహ్యం అని జవాబు వస్తే మాట్లాడటానికి కూర్చున్నది మీరు కాదు, ఆ గొంతును భరించలేని ఇంకో భాగం. ఇద్దరు గొడవపడేవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెడితే రాజీ కుదరదు. ఆ అసహ్యపడేవారిని కాసేపు పక్కన కూర్చోమనండి, నీ మాట కూడా వింటానని చెప్పండి. అప్పుడు మళ్లీ అడగండి. "పాపం, ఎందుకంత కంగారు పడుతోందో" అని కొంచెమైనా అనిపిస్తే, అప్పుడు మాట్లాడవచ్చు. అనిపించకపోతే ఆ రోజుకు ఆపేయవచ్చు. నష్టమేమీ లేదు.

వీళ్లలో అసలు నేను ఎవరు అన్న మీ ప్రశ్నకు కూడా నా జవాబు ఆ పరీక్షలోనే ఉంది. పెద్దవాళ్లు దీనికి రకరకాలుగా జవాబు చెప్పారు. ఒక మనిషిని ఎంతమంది గుర్తిస్తారో అతనికి అన్ని సామాజిక రూపాలుంటాయని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశారు. ఆ లెక్కన ఆఫీసులో నిదానస్తురాలైన మీరూ నిజమే, ఇంట్లో అరిచే మీరూ నిజమే. పరిస్థితికి తలొగ్గి పెరిగిన పిల్లల్లో అసలు రూపం మీద ఒక పైరూపం ఏర్పడుతుందని డొనాల్డ్ వినికాట్ అనే పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు 1960లో చెప్పారు. అన్ని భాగాల వెనకా ఎప్పుడూ దెబ్బతినని, శాంతమైన ఒక కేంద్రం ఉంటుందని స్వార్ట్జ్ అంటారు. నాకైతే ఆ కేంద్రాన్ని వెతుక్కుంటూ వెళ్లడం కంటే అది పనిచేసేటప్పుడు గుర్తుపట్టడం తేలికనిపిస్తుంది. పాప చేతులు వెనక్కి వెళ్లడం చూసింది ఎవరు? తిట్టే గొంతుకు అది కనబడదు, దాని చూపు మూత మీద ఉంటుంది. అరిచే కోపానికీ కనబడదు. ఇంత గొడవలోనూ ఎవరో పాప చేతుల వైపు చూశారు, చూసి గుర్తుపెట్టుకున్నారు, నాకు రాశారు. ఆమెతో పరిచయం పెంచుకోండి.

పాప మాట వచ్చింది కాబట్టి ఇది ఇప్పుడే చెప్పాలి. థెరపీ పూర్తయ్యేదాకా ఇది ఆగకూడదు. భాగాల భాష మనల్ని అర్థం చేసుకోవడానికి పుట్టింది. తప్పించుకోవడానికి దాన్ని వాడకూడదు. "నేను కాదు, నాలోని కోపం అరిచింది" అని పిల్లలతో అనడం నాకు అసలు నచ్చదు. పిల్లల ముందు మీరు ఒక్కరే, అమ్మ. ఇవాళే పాపను పక్కన కూర్చోబెట్టుకొని, "మూత పోవడం చిన్న విషయం. నేను చాలాసార్లు గట్టిగా అరిచాను, అది నా తప్పు. నీది కాదు. నేను మాట్లాడకముందే నువ్వు సారీ చెప్పాల్సిన పని లేదు. దీన్ని మార్చుకోవడానికి నేను ఒకరి సాయం తీసుకుంటున్నాను" అని చెప్పండి. చెప్పి ఊరుకోండి. "పర్లేదమ్మా" అనిపించుకోవాలని చూడకండి. మిమ్మల్ని ఓదార్చే పని పాపది కాదు. మళ్లీ అరుస్తారు కూడా. అరిచిన రోజే మళ్లీ వెళ్లి మాట్లాడండి. పాప మీరు ఎన్నిసార్లు తప్పారో లెక్కపెట్టదు, తప్పిన తర్వాత వచ్చారా లేదా అన్నది గుర్తుంచుకుంటుంది.

ఇక బ్రాకెట్లలో పెట్టిన మాట. సంబంధం లేదేమోనంటూనే రాశారు. మీలో ఒకరు దాచమన్నారు, ఇంకొకరు చెప్పమన్నారు, బ్రాకెట్లు ఆ ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందంలా నాకు కనిపించాయి. అప్పటికి మీ వయసెంతో రాయలేదు. తమ్ముణ్ని చూసుకోమని అప్పగించారంటే మీరూ చిన్నపిల్లే అయివుంటారు. ఆ రోజు ఇంటికి తిరిగొచ్చిన పెద్దవాళ్లు మీతో ఏమన్నారు? మీ దెబ్బ ఎవరైనా చూశారా? గడ్డం చిట్లింది తమ్ముడికే, కానీ వణికింది ఇద్దరూ అయివుంటారు. "నిన్ను నమ్ముకుంటే ఇంతే" అన్న మాట 36 ఏళ్ల మీకు మీరే కూర్చుకున్న మాటలా నాకు వినిపించడం లేదు. ఎవరిదో పాత మాటలా వినిపిస్తోంది. నేను పొరబడుతూ ఉండవచ్చు. అందుకే దీన్ని ఇక్కడే ఆపుతున్నాను, మీరు కూడా ఇంట్లో ఒంటరిగా కూర్చొని దీన్ని తవ్వకండి.

తవ్వవద్దనడానికి ఇంకో కారణం ఉంది. జ్ఞాపకం ఫొటో కాదు, తలుచుకున్న ప్రతిసారీ కొంత కొత్తగా కట్టుకుంటుంది. జ్ఞాపకాల మీద పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లోఫ్టస్ 1995లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారని 24 మందికి ఒక కల్పిత సంఘటనను ఇంటివాళ్లు చెప్పిన నిజమైన సంఘటనలతో కలిపి చెప్పారు. దాదాపు పావువంతు మంది అది తమకు జరిగినట్టు గుర్తుందన్నారు. ఏ థెరపిస్టు అయినా "నీకు చిన్నప్పుడు ఫలానాది జరిగే ఉంటుంది, గుర్తు తెచ్చుకో" అని పదేపదే నొక్కితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీరు రాసిన తీరును బట్టి మీ థెరపిస్టు అలాంటివారు కారు. మీకు గుర్తున్నది మీరు, మీకు కుదిరినంత మేర, ఆమె ముందు చెప్పుకుంటే చాలు. చెబుతున్నప్పుడు ఊపిరి బిగుసుకుపోయినా, గది దూరంగా జరిగిపోతున్నట్టనిపించినా ఆపమని చెప్పండి. పాదాలు నేలకు ఆనించి, గదిలో కనబడే వస్తువుల పేర్లు పైకి చెప్పండి. మంచి థెరపిస్టు అక్కడ ఆగుతారు.

ఇంట్లో చేయదగినది ఒకటుంది. చిన్నదే. ఈ వారం రాత్రి ఫైలు తెరవబోయే ముందు రెండు నిమిషాలు ఆగండి. తెరవకూడదని పంతం పట్టకండి, రెండు నిమిషాల తర్వాత తెరుచుకోవచ్చు. ఆ ఆగిన సమయంలో కంగారు ఒంట్లో ఎక్కడ ఉందో చూడండి. గొంతులోనా, భుజాల్లోనా, పొట్టలోనా? అక్కడికే మనసులో ఒక మాట పంపండి: "ఇవాళ తెరవకపోతే ఏమవుతుందని నీ భయం?" వచ్చిన జవాబును, పిచ్చిగా ఉన్నా సరే, ఒక కాగితం మీద రాయండి. ఏమీ రాకపోతే "ఏమీ రాలేదు" అని రాయండి. దానితో వాదించకండి, దానికి ధైర్యం చెప్పకండి. విన్నానని మాత్రం చెప్పి మీ పని మీరు చేసుకోండి. ఆ కాగితాలు థెరపీకి పట్టుకెళ్లండి. ముందుజాగ్రత్తపరులతో ఇంట్లో ఒంటరిగా మాట్లాడవచ్చు. లోపలి చిన్నపిల్ల దగ్గరికి మాత్రం పక్కన మనిషి ఉన్నప్పుడే వెళ్లండి.

కొన్ని విషయాలు మాత్రం కాగితంతో, కుర్చీతో తీరేవి కావు. ఆ గొంతు మీ ఆలోచనలా కాకుండా బయటినుంచి ఎవరో నిజంగా మాట్లాడుతున్నట్టు చెవులకు వినబడినా, గంటలు గడిచిపోయి మధ్యలో ఏం జరిగిందో గుర్తులేకపోయినా, వారాల తరబడి నిద్ర లేకపోయినా మానసిక వైద్యుడికి చూపించుకోండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే, ఆ గంటలోనే మీకు దగ్గరైన ఒకరికి చెప్పి వైద్య సహాయం తీసుకోండి.

తిరిగి వెళ్లాలా అంటే, వెళ్లండి. కానీ "ఈసారి బాగా చేస్తాను" అని వెళ్లకండి. అది ఫైలు సరిచూసే గొంతు మాట, అది థెరపీని కూడా ఒక పరీక్షగా మార్చేస్తుంది. ఐదు వారాల గైర్హాజరుకు మంచి కారణం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఫోనులో ఈ నాలుగు మాటలు పంపితే చాలు: "కుర్చీ ముందు నాకు చాలా సిగ్గనిపించింది. అందుకే రాలేదు. మళ్లీ రావాలనుంది, కానీ నాలో ఒకరికి ఇష్టం లేదు. ముందు ఆ ఒకరి గురించి మాట్లాడవచ్చా?" చదివి ఆమె నొచ్చుకుంటారని అనుకోకండి. మా పనిలో ఇంత ఉపయోగపడే సందేశం అరుదుగా వస్తుంది.

వెళ్లిన రోజు కుర్చీని గోడవైపు జరపమనండి. కుర్చీ లేకుండా కూడా ఈ పని జరుగుతుంది. కొందరు రెండు రంగుల కలాలతో రాస్తారు, కొందరు బొమ్మ గీస్తారు, కొందరు కళ్లు మూసుకొని చెబుతారు. ఏది కుదురుతుందో తర్వాత చూసుకోవచ్చు. మొదటి పది నిమిషాలు ఆ ఊడిన దారం పోగు గురించి చెప్పండి. దాని రంగు ఏమిటో, ఎంత పొడవుందో, దాన్ని చూస్తున్నంతసేపు మీరు ఏం వినకుండా ఉండగలిగారో.